నీలిజుట్టు పెళ్లికూతురు

"జోడా మూట కట్టుండ్రి" అన్నాడు యూనుస్.

ఎవరితో అన్నాడో తెలియలేదు. వంటింటి గడపలో నిలబడి, గోడ మీది క్యాలెండరుతో చెప్పినట్టు చెప్పాడు. షాహెదా కత్తిపీట ముందు నుంచి లేవలేదు. సగం తరిగిన ఉల్లిగడ్డ ఆమె చేతిలోనే ఉంది. పెద్దకూతురు రుబీనా ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆ చేతులు ఆగలేదు. చిన్నది ముబీనా పొద్దున్నుంచి గదిలోంచి బయటికే రాలేదు.

భైంసా నుంచి ఫోను ఇప్పుడే వచ్చింది. చేసింది ముకర్రం. పెళ్లికొడుకు మునీర్‌కు మేనమామ. మంచిర్యాలలో యూనుస్ నడిపే పరుపుల దుకాణానికి ఎన్నో ఏళ్లుగా దూది పంపేది ఆయనే, రుబీనాకు ఈ సంబంధం కుదిర్చిందీ ఆయనే. తన అక్క, మునీర్ తల్లి మహబూబ్‌బీ బయలుదేరింది, తోడు మునీరూ తనూ వస్తున్నారు, మధ్యాహ్నానికల్లా చేరుతారు, పెళ్లిజోడా సిద్ధంగా పెట్టమన్నది. అంతే చెప్పాడు. ఎప్పుడూ దూది ధర దగ్గర మొదలుపెట్టి మోకాళ్ల నొప్పుల దాకా మాట్లాడే మనిషి, ఇవాళ సలాం చెప్పకుండానే ఫోను పెట్టేశాడు.

జోడా అంటే మామూలు బట్టలు కావు. నికాహ్ నాడు పెళ్లికూతురు కట్టుకునేవి. పెళ్లికి ముందు వచ్చే సాంచక్ రోజున మగపెళ్లివారు పళ్లాల్లో పెట్టుకుని పదిమంది ముందు తెచ్చి ఇచ్చేవి. కొలత సరిచూసుకోవడానికని మహబూబ్‌బీ వాటిని ముందే తెచ్చి ఇచ్చింది. ఇస్తూ షాహెదా చేయి పట్టుకుని, సాంచక్ దాకా పరాయి కన్ను పడొద్దనీ, తన కొడుక్కు కూడా చూపించలేదనీ మరీ మరీ చెప్పింది.

సాంచక్ ఇంకా వారం ఉంది. ఇప్పుడు జోడా వెనక్కి పోతే దానికి ఒకటే అర్థం.

"నా చేతులతోని నేను కట్ట" అన్నది షాహెదా. "మీకు అంత తొందరుంటే మీరే కట్టుకోండ్రి."

"నాకు తొందరనా? దీనికంతటికి కారణం ఎవలు? చిన్నపిల్ల చేతిల ఫోన్ పెట్టింది ఎవలు?"

"నా పాత ఫోన్ మూలకు పడి ఉండె. దుకాణంల గలాట చేస్తుందని దాని చేతిల పెట్టి కూసోబెట్టింది మీరు. మరిచిపోయిండ్రా?"

యూనుస్ మరిచిపోలేదు. చొక్కా జేబు మీద చేయి వేసుకున్నాడు. ఆ ఫోను మూడు రోజుల నుంచి ఆ జేబులోనే ఉంది. దుకాణానికి పోయినా అందులోనే, నమాజుకు పోయినా అందులోనే. లాక్కున్న రోజు తెర మీది బొమ్మకు వేలు తగిలి అది ఆయన చేతిలోనే కిచకిచమని మంత్రగత్తెలా నవ్వింది. ఎలా ఆపాలో తెలియక దిండు కింద పెట్టి, దిండు మీద చేయి వేసి కూర్చున్నాడు. ఆ తర్వాత మళ్లీ నవ్వలేదు.

అది ఎందుకు నవ్వుతుందో, ఎందుకు నవ్వడం మానేసిందో ఇంట్లో ఇద్దరికే తెలుసు.

వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. పక్కింటి జమున స్టీలు గిన్నెతో వచ్చింది. సర్వపిండి చేశాను, వేడి వేడిగా తినండని చెప్పి వంటింటి అరుగు మీద గిన్నె పెట్టింది. షాహెదా లేచి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఉల్లిగడ్డలు మరీ ఘాటుగా ఉన్నాయన్నది. జమున ఉల్లిగడ్డల వంక చూసింది, షాహెదా వంక చూసింది, ఉల్లిగడ్డల మాటే నమ్మినట్టు తల ఊపింది.

పోయే మనిషి ఊరికే పోలేదు. తన మనుమరాలి బడిలో మొన్న అదేదో దయ్యాల పండుగ చేశారనీ, పిల్ల మొహానికి బియ్యప్పిండి పూసి, తన నల్లచీర చుట్టి పంపామనీ చెప్పుకొచ్చింది.

"ఫస్ట్ ప్రైజ్ ఇచ్చిండ్రు చెల్లె. మా కాలంల దయ్యం పడితే వేపమండలతోని కొట్టేది. గిప్పుడు దయ్యమైతే కప్పు ఇస్తుండ్రు."

ఎవరూ నవ్వలేదు. జమున ఒక్కొక్కరి మొహం చూసి, గిన్నె తర్వాత తీసుకుంటానని చెప్పి వెళ్లిపోయింది.

రుబీనా మడత పెట్టిన బట్టలు ఎత్తుకుని గదిలోకి వెళ్లింది.

ముబీనా మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఎనిమిదో తరగతి పిల్ల. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది గానీ చూపులో మాత్రం ఎవరి మీదో కోపం ఉంది. అక్క తలుపు దగ్గరగా వేయగానే అడిగింది.

"నవ్విందా?"

"లే" అన్నది రుబీనా.

ఫోనులోని ఆ ఆట పేరు కూడా రుబీనాకు సరిగా రాదు. పాటలు పాడి గంతులు వేసే అమ్మాయిలు నలుగురుంటారు, ఒకామెది నీలిజుట్టు. హాలోవీన్ అనే దయ్యాల పండుగకు వాళ్లను ముస్తాబు చేయాలి. ఒకరు వేషం చెబుతారు, అవతలివాళ్లు కట్టాలి. మంత్రగత్తె అంటే మంత్రగత్తె, గబ్బిలం అంటే గబ్బిలం. మన దగ్గరున్న గుడ్డను ఫొటో తీసి పెడితే ఆ గుడ్డే బొమ్మకు బట్ట అయిపోతుంది. అవతలివాళ్లు తమ వంతు ఆడగానే మన ఫోను నవ్వుతుంది.

దసరా సెలవుల్లో ముబీనా ఆడింది మునీర్ అక్క కూతురితో. ఆ పిల్ల అమ్మమ్మ ఇంట్లో ఉండి మునీర్ ఫోనులో ఆడేది. సెలవులు అయిపోయి పిల్ల తన ఊరు వెళ్లింది. అయినా భైంసా నుంచి వేషాలు రావడం ఆగలేదు. ఒకనాడు నీలిజుట్టు అమ్మాయికి డాక్టరు కోటు వేసి, మెడలో మాత్రల దండ వేసి పంపారెవరో. మునీర్‌ది మందుల దుకాణం. ముబీనా ఫోను తెచ్చి అక్క చేతిలో పెట్టింది. అంతే, ఆ తర్వాత ముబీనా వంతు మళ్లీ రాలేదు.

నికాహ్ దాకా పిల్లలు ఫోనులో మాట్లాడకూడదన్నది మహబూబ్‌బీ పెట్టిన ఒకే ఒక షరతు. ఆమె పెద్దకూతురి మొదటి సంబంధం ఫోను మాటల దగ్గరే చెడింది. యూనుస్ సరేనని మాటిచ్చాడు. రుబీనా ఆ మాట తప్పలేదు. ఒక్క అక్షరం రాయలేదు, ఒక్క మాట వినలేదు. వర్షం పడిన రోజు బొమ్మకు గొడుగు పట్టించి పంపింది. అతను గొడుగు కింద ఇంకో బొమ్మను నిలబెట్టి పంపాడు. మాట్లాడొద్దన్నరు గానీ ఆడొద్దనలే గదా, అనుకుంది.

పోయిన వారం అతను కట్టమని చెప్పిన వేషం, దయ్యం పెళ్లికూతురు.

రుబీనా ట్రంకుపెట్టె తెరిచి జోడాకు ఫొటో తీసింది. అతను చూడని, అతని తల్లి చూడనివ్వని ఎర్ర దుపట్టా. దానికి బంగారు తీగ పని చేసిన పాత అంచు. నీలిజుట్టు అమ్మాయి తల మీద దాన్ని కప్పింది. తెల్లటి మొహం, పెదవి చివర చిన్న రక్తపు చుక్క. ఆటకు అవి తప్పవు. వాటి మధ్య ఆ అంచు ఎంత అందంగా ఉందో చూస్తూ చాలాసేపు కూర్చుంది. పంపేసింది.

బొమ్మ బాగుంటే దాన్ని పోటీలో అందరికీ కనబడేలా పెట్టవచ్చు. ఆ బటన్ కట్టినవాళ్లకు ఉండదు. బొమ్మను అందుకుని చూసినవాళ్లకే వస్తుంది.

అతను నొక్కాడు. సంతోషంలో నొక్కి ఉంటాడని రుబీనా అనుకుంటుంది. రెండో రోజుకల్లా ఆ బొమ్మ భైంసాలో చుట్టాల ఫోన్లన్నీ తిరిగింది. అంచు గుర్తుపట్టనివాళ్లు లేరు. అది మహబూబ్‌బీ నికాహ్ నాటి అంచు.

బొమ్మ కింద ఉన్నది ముబీనా పేరు. ఫోను ఆమెది గదా.

"నేనే అని చెప్తా ఆపా" అన్నది ముబీనా. "రెండు దెబ్బలు. అబ్బా గట్టిగ గూడ కొట్టడు."

"నువ్వేం చెప్పకు."

"మరి నువ్వు చెప్తవా?"

రుబీనా తెచ్చిన బట్టలను మంచం చివర సర్దింది. తను చెబితే, ఇద్దరూ కలిసి ఆడారని చెప్పినట్టే. మాట తప్పిన పిల్లను మహబూబ్‌బీ కోడలిగా తెచ్చుకోదు. తండ్రి ఇచ్చిన మాట కూడా పోతుంది. అదే మునీర్ చెబితే వేరు. పొరపాటు నాది, అందరికీ చూపింది నేను అని కొడుకు నోటితో అంటే, ఏ తల్లీ కొడుకును జోడాలా వెనక్కి పంపదు. ఈ మంటను ఆర్పగలిగింది అతనొక్కడే. మూడు రోజులుగా అతను ఏమీ అనలేదు. కనీసం ఫోను కూడా నవ్వలేదు.

"ఇయ్యాల వస్తుండు గద" అన్నది రుబీనా. "వచ్చి చెప్తడు."

ముబీనా అక్క మొహంలోకి చూసింది. తర్వాత తన చేతి వేళ్ల వైపు చూసుకుంది. సాంచక్ నాడు బావ చిటికెన వేలికి మెహిందీ పెట్టి, కానుక ఇచ్చేదాకా ఆ వేలు వదలకపోవడం మరదలి హక్కు. దానికోసం నెల రోజుల నుంచి తన వేళ్ల మీదే చుక్కలు పెట్టుకుని నేర్చుకుంటోంది. ఎడమచేతి వేళ్ల కొసలన్నీ ఎర్రగా పండి ఉన్నాయి.

బయట కారు ఆగింది.

మహబూబ్‌బీ బుర్ఖా తీయలేదు. మొహం మీది ముసుగు మాత్రం వెనక్కి వేసుకుని, చాప మీద గోడకు ఆనుకోకుండా కూర్చుంది. షాహెదా నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. ఆమె గ్లాసు వైపు చూడలేదు. ముకర్రం తన గ్లాసు ఎత్తి ఒక గుటక తాగాడు. అక్క తాగలేదని చూసి, ఆ గుటక తాగనట్టే గ్లాసు కింద పెట్టేశాడు.

మునీర్ తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. లోపలి గదికీ హాలుకూ మధ్య పరదా ఉంది. పెళ్లికొడుకు ముందుకు పెళ్లికూతురు రాదు గనక రుబీనా దాని వెనకే నిలబడింది. పరదా అంచులోంచి ఆమెకు కనబడింది అతని మోకాళ్లు, మోకాళ్ల మీద చేతులు, ఒక చేతిలో ఫోను.

దారిలో ఎండ ఎలా ఉందని యూనుస్ అడిగాడు. ఉందన్నాడు ముకర్రం. రోడ్డు పని అయిందా అని అడిగాడు. కొంత అయిందన్నాడు. ఆ తర్వాత అడగడానికి ఏమీ మిగల్లేదు.

"తెండ్రి" అన్నది మహబూబ్‌బీ.

షాహెదా కదల్లేదు. యూనుసే వెళ్లి ట్రంకుపెట్టె తెరిచి మూట తెచ్చి పెట్టాడు. మహబూబ్‌బీ ముడి విప్పింది. దుపట్టా తీసి ఒళ్లో పరుచుకుని, అంచు మీద ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేలు పోనిచ్చింది. బాగోగులు చూసే చూపు కాదు అది. తలలో పేలు చూసే తల్లి చేయిలా మెల్లగా పోయింది ఆ వేలు.

"ఇది నా నికాహ్‌ల నా నెత్తిమీద ఉండె" అన్నది. గొంతు పెంచలేదు. "నా బిడ్డ కోసం తీసి కొత్త గుడ్డకు కుట్టిచ్చిన. గా పెండ్లి కాలే. మల్ల దానికి వేరే తాన పెండ్లయినప్పుడు ఇది పెట్టుకోనన్నది. నేను గూడ జబర్దస్తి చెయ్యలే. పెట్టెల దాచిన. ఇప్పుడు మల్ల తీసిన. ఎందుకు తీసిన్నో తెలుసా సమ్‌ధన్? నీ బిడ్డను చూసినంక నాకు భయం పోయింది. అందుకు తీసిన."

కాబోయే వియ్యపురాలి ముందు షాహెదా తల వంచుకుంది.

"గది ఇప్పుడు దయ్యం నెత్తిమీద ఉన్నది. నోట్లె నెత్తురు. మా ఆడబిడ్డ ఫోన్ చేసి నవ్వుకుంట అడుగుతున్నది, కోడలు మంచిగున్నది గని జుట్టు నీలంగ ఉన్నదేంది అని."

ముకర్రం గొంతు సవరించుకుని, పిల్లల ఆట ఆపా అది, పిల్లలకేం తెలుసు అని ఏదో అనబోయాడు. ఆమె చూపు తిప్పగానే మళ్లీ నీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగలేదు.

పరదా కదిలింది. రుబీనా పట్టుకునేలోపే ముబీనా హాల్లోకి వెళ్లిపోయింది.

"నేనే చేసిన" అన్నది. నిలబడే చెప్పింది. "ఆపాకు తెల్వది. ఆపా వంటింట్ల ఉన్నప్పుడు పెట్టె తీసిన."

"ఎందుకు చేసినవ్?"

ముబీనా ఆలోచించింది. అబద్ధం అక్కడిదాకే తయారు చేసుకుని ఉంది.

"మంచిగుంటదనిపిచ్చింది" అన్నది.

"అందరికి చూపెట్టింది గూడ నువ్వేనా?"

ముబీనా కళ్లు ఒక్క క్షణం తలుపు దగ్గరి కుర్చీ వైపు పోయాయి. మునీర్ నేలను చూస్తున్నాడు.

"నేనే" అన్నది.

యూనుస్ లేచాడు. చేయి ఎత్తాడు. ఆ చేతికీ ముబీనాకూ మధ్య షాహెదా వచ్చి నిలబడింది, ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. "ముందు నన్ను కొట్టుండ్రి" అన్నది మొగుడితో, చాలా మామూలుగా. యూనుస్ చేయి గాలిలోనే ఆగి, దిగింది.

మహబూబ్‌బీ వద్దన్నట్టు తల ఊపింది. కొడితే పోయేది కాదన్నది. దుపట్టా మడత పెట్టింది, ఎంతో జాగ్రత్తగా, అంచు లోపలికి వచ్చేలా. మడత పెడుతూనే తన తీర్పు చెప్పింది. సంబంధం చెడగొట్టుకోవాలని తనకూ లేదు. యూనుస్ మాట మీద నిలబడే మనిషని ముకర్రం చెబితే నమ్మింది, ఇప్పుడూ నమ్ముతుంది. ఆ అంచు తీయించి, వేరే అంచు వేసి జోడా సాంచక్‌కు తెస్తుంది. అయితే ఒకటే మాట. ఈ చేయి ఆ పెళ్లిలో ఉండకూడదు. సాంచక్ నుంచి వలీమా విందు అయ్యేదాకా చిన్నపిల్లను ఎక్కడికైనా పంపించాలి.

యూనుస్ వెంటనే తల ఊపాడు. మరీ వెంటనే ఊపాడు. లక్సెట్టిపేటలో తన చెల్లెలుంది, రేపే దింపి వస్తానన్నాడు. ముకర్రం హమ్మయ్య అని గోడకు చేరగిలబడ్డాడు. అల్లా దయ అన్నాడు. ఈసారి గ్లాసెత్తి నీళ్లన్నీ తాగేశాడు.

షాహెదా తల ఊపలేదు. చిన్నకూతురి భుజం మీద వేసిన చేయి అలాగే ఉంచింది.

ముబీనా ఏడవలేదు. ఎడమచేయి గుప్పిట బిగించి, పండిన వేళ్ల కొసలు లోపలికి దాచుకుంది.

పరదా వెనక రుబీనా అంచును మరికాస్త పక్కకు జరిపింది. ఇప్పుడు చెప్తడు, అనుకుంది. చిన్నపిల్ల అతని తప్పు నెత్తిన పెట్టుకుని నిలబడ్డది. ఇప్పుడు గూడ చెప్పకుంటే ఎట్ల. ఇప్పుడు చెప్తడు.

మోకాళ్ల మీది చేతులు కదిలాయి. ఫోను కొంచెం కిందికి, కుర్చీ చాటుకు దిగింది. బొటనవేలు రెండుసార్లు, మూడుసార్లు మెల్లగా జరిగింది. ఆగింది. ఫోను అతని జేబులోకి పోయింది.

యూనుస్ చొక్కా జేబులో మంత్రగత్తె నవ్వింది.

కిచకిచమని, తెంపు లేకుండా, హాలంతా వినబడేలా నవ్వింది. యూనుస్ ఉలిక్కిపడి జేబును అరచేత్తో అదుముకున్నాడు. చేతి కింది నుంచి కూడా నవ్వింది. సిగ్గుతో ఆయన మొహం నల్లబడింది. ఈ ఫోన్ ఖరాబైందన్నాడు. నవ్వి నవ్వి అదే ఆగిపోయింది.

ముబీనా మెల్లగా తల తిప్పి పరదా వైపు చూసింది.

రుబీనా తన దుపట్టా తల మీదికి లాక్కుని పరదా తీసి హాల్లోకి వచ్చింది.

మునీర్ లేచి నిలబడ్డాడు. ముకర్రం మొహం అవతలికి తిప్పుకున్నాడు. లోపలికి పొమ్మని యూనుస్ పళ్ల బిగువున అన్నాడు.

"పోత అబ్బా. ఒకసారి గా ఫోన్ ఇయ్యి."

ఏ కళనున్నాడో, ఇచ్చాడు. రుబీనా తెరిచి చూసింది. నీలిజుట్టు అమ్మాయికి పెళ్లికొడుకు షేర్వానీ తొడిగి ఉంది. రెండు చేతులూ రెండు చెవులు పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని ఉంది. తప్పయింది, క్షమించు. ఇంకో రోజైతే ఆ బొమ్మను చూసి ఆమె నవ్వుకునేది. ముబీనాకు చూపి, ఇద్దరూ దుప్పటి కింద నవ్వుకునేవాళ్లు.

ఫోను తీసుకెళ్లి మడత పెట్టిన జోడా మీద, మహబూబ్‌బీ ముందు పెట్టింది.

"బొమ్మకు జోడా కట్టింది ముబీనా కాదు ఖాలా, నేను. గది నా తప్పు. మా అబ్బాకు తెల్వది, మా అమ్మీకి తెల్వది. మేం మాట్లాడుకోలే. ఒక్క మాట గూడ మాట్లాడుకోలే. కని ఆడినం."

"మేం" అన్న మాట దగ్గర ఇల్లంతా ఆగిపోయింది. యూనుస్ గోడ పట్టుకున్నాడు. షాహెదా కళ్లు మూసుకుంది.

"అందరికి చూపెట్టేది గీ ఫోన్‌ల రాదు" అన్నది రుబీనా. "కట్టినోళ్లకు రాదు. చూసినోళ్లకే వస్తది. ఎవలు చూసిండ్రో నేను చెప్ప. చెప్పేటోళ్లు చెప్తరని మూడు రోజుల సంది చూస్తున్న."

కుర్చీ దగ్గర మునీర్ కాలు మార్చి నిలబడ్డాడు. నోరు తెరిచి మళ్లీ మూశాడు.

మహబూబ్‌బీ కొడుకు వైపు తిరగలేదు. ఆ బొమ్మ వైపు, చెవులు పట్టుకున్న చేతుల వైపు చాలాసేపు చూసింది. తర్వాత ముందున్న నీళ్ల గ్లాసు తీసుకుని, వచ్చినప్పటినుంచి మొదటిసారి, ఒక గుటక తాగింది.

"గీ నవ్వు మా ఇంట్ల గూడ విన్న" అన్నది. "మనుమరాలు ఆడుతున్నదనుకున్న. దసరా సెలవులు అయిపోయినయ్. పిల్ల పోయింది. నవ్వు మాత్రం పోలే. మందుల దుకాణం మూసొచ్చినంక మొదలైతుండె. చెవులల్ల మోగుతుందేమో, ముసలితనం అనుకున్న."

ఆమె ఫోనును రెండు వేళ్లతో, వేడి గిన్నెను జరిపినట్టు, రుబీనా వైపు జరిపింది.

"ఇప్పుడు ఎవలి వంతు బిడ్డా?"

రుబీనా తల ఎత్తింది.

"నాది" అన్నది.

"ఆడు."

"ఖాలా..."

"ఏదో ఒక బట్ట కట్టి పంపు. నువ్వు పంపితే అవతల నవ్వుతది గద. ఎవలి జేబుల నవ్వుతదో అందరం విందాం."

రుబీనా ఫోను చేతిలోకి తీసుకుంది. నీలిజుట్టు అమ్మాయికి ఆమె ఏ వేషమూ వెతకలేదు. తలకు ఒక తెల్లగుడ్డ చుట్టింది. పంపే బటన్ మీదికి వేలు తెచ్చింది.

మునీర్ చేయి కదిలింది. జేబు మీదికి వచ్చి ఆగింది. ఫోను బయటికి తీయడానికో, నవ్వకుండా నొక్కి పట్టడానికో, ఆ చేయి ఇంకా తేల్చుకోలేదు.

రుబీనా వేలు బటన్‌కు అంగుళం ఎడంలో నిలిచింది. ఆమె ఫోను వైపు చూడడం లేదు. ఆ చేతి వైపే చూస్తోంది.

పక్కన ముబీనా కూడా దాన్నే చూస్తోంది. సాంచక్ నాడు తను పట్టుకోవాల్సిన చిటికెన వేలు ఆ చేతిదే.